పుస్తకం పట్టుకుని ఊళ్లు తిరగాలంటే: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలోనే ఒక మాట అన్నాను, పుస్తకం అచ్చయ్యాక హైదరాబాద్‌లో ఒక ఆవిష్కరణ సభ పెట్టి, శాలువాలు కప్పించుకుని, ఫొటోలు దిగి ఇంటికొచ్చేస్తే పుస్తకం అక్కడే ఆగిపోతుంది, దాన్ని పట్టుకుని నాలుగు ఊళ్లు తిరగండి, సాహితీ సంస్థలు, పుస్తకాల షాపులు, లైబ్రరీలు ఎక్కడ కుదిరితే అక్కడికి వెళ్లండి అని. దాని మీద చాలా ఉత్తరాలొచ్చాయి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు కూడా వచ్చాయి. ఒకేలాంటివి కలిపేసి, కొన్ని కుదించి ఇక్కడ ఇస్తున్నా. పేర్లు వెయ్యొద్దని కొందరు అడిగారు కాబట్టి అందరివీ తీసేశా, ఊళ్లు మాత్రం ఉంచా.

ప్రశ్న: అక్కా, నేను స్కూల్ టీచర్ని. నా మొదటి కథల పుస్తకం దసరాకి వచ్చింది, సొంత డబ్బుతో 500 కాపీలు వేయించుకున్నా. చుట్టాలకీ స్టాఫ్‌రూమ్‌లోనూ పంచగా మిగిలినవన్నీ అట్టపెట్టెల్లో మంచం కింద ఉన్నాయి. మీరు తిరగమన్నారు సరే, నన్నెవరు పిలుస్తారు? ఎక్కడ మొదలుపెట్టాలి? (తెనాలి)

జవాబు: టీచరుగారూ, పిలుపు కోసం కూర్చోకండి. ముందు పుస్తకం వెళ్లాలి, ఆ తర్వాతే మనిషి. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే, మిగతాదంతా దాని వెనకాల వచ్చేదే. ఏ ఊరు వెళ్దామనుకుంటున్నారో ఆ ఊళ్లో కథలు చదివే అలవాటున్న ఐదారుగురు ఎవరో కనుక్కోండి, సంస్థ కార్యదర్శిగారు ఒక్కరే కాదు, మీటింగులకి వచ్చి వెనక వరసలో కూర్చుని ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయే వాళ్లుంటారు చూడండి, వాళ్లక్కూడా, కనీసం నెల ముందు కాపీలు అందేలా చూడండి. నేను చూసిన మంచి సభలన్నిట్లోనూ హాల్లో ఓ ఐదుగురైనా పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివొచ్చారు. నూటయాభై మంది వచ్చి ఒక్కరూ చదవని సభలూ చూశాను, అక్కడ రచయిత చిన్నప్పటి కష్టాలు, వక్తకీ రచయితకీ ఉన్న పాత స్నేహం, ఈమధ్య ఎవరూ చదవట్లేదన్న బాధ, ఇవే రెండు గంటలు నడుస్తాయి, పుస్తకం మాత్రం రంగు కాగితం విప్పిన చోటే టేబుల్ మీద ఉండిపోతుంది. ఆ రచయిత ముఖం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది, మూడేళ్లు కష్టపడి రాసిన కథల గురించి ఒక్క మాట వినకుండా ఇంటికెళ్తారు పాపం.

కాబట్టి 500లో ఓ నలభై, యాభై కాపీలు ముందే పక్కన పెట్టేయండి, అవి అమ్మేవి కాదు, పంపించేవి. పోస్ట్ ఖర్చుకి భయపడకండి. ఇదివరకు రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ ఉండేది, అది 2024 డిసెంబర్‌లో ఆగిపోయాక చిన్న పబ్లిషర్లందరికీ చాలా ఇబ్బందయింది, ఆ తర్వాత 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని తెచ్చారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, టాక్స్ అదనం. కౌంటర్‌లో జ్ఞాన్ పోస్ట్ అని పేరు పెట్టి అడగండి, లేకపోతే మామూలు పార్సిల్ కింద తూకం వేసేస్తారు. ఒక ఊరికి ఆరు కాపీలు పంపాలంటే విడివిడిగా కాకుండా ఒకే కట్టగా అక్కడ ఒకరికి పంపి మిగతావాళ్లకి అందించమనండి, ఆ పంచే మనిషే రేపు మీ సభ పెట్టే మనిషి అవుతారు, ఇది చాలాసార్లు చూశాను.

ఇక రూటు. మీ ఊరు నుంచే మొదలుపెట్టండి, సిగ్గుపడకండి. అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ 1943లో తెనాలిలోనే జరిగింది, కథలంటే చెవి కోసుకునే ఊరది. పైగా మీరు మెయిన్ లైన్ మీదున్నారు, ఒకవైపు గుంటూరు, విజయవాడ, ఇంకోవైపు చీరాల దాటితే వేటపాలెం. ముందు పొద్దున్నే వెళ్లి రాత్రికి ఇంటికొచ్చేసే ఊళ్లు చూసుకోండి, లాడ్జి ఖర్చు ఉండదు, స్కూల్‌కి సెలవు పెట్టక్కర్లేదు. తర్వాత వీలున్నప్పుడు ఉత్తరం వైపు ఒక ట్రిప్, రాజమండ్రి, విశాఖ, శ్రీకాకుళం. కథలు రాసేవాళ్లు శ్రీకాకుళం వెళ్లకుండా ఉండకూడదు, అక్కడ కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న తెరిచారు దాన్ని, తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక చోట ఉండాలని ఆయన పట్టుదల. పత్రికల నుంచి, చందమామల నుంచి, ఎవరింట్లోనో అటక మీద బూజు పట్టిన సంచికల నుంచి ఏరి తెచ్చి పెట్టుకున్నారు. అక్కడ మీ పుస్తకం ఒకటి ఇవ్వండి, ఆ బీరువాల మధ్య ఓ గంట నిలబడి చూడండి. రైలు దిగేది శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో, అదుండేది ఆమదాలవలసలో, అక్కడి నుంచి ఊళ్లోకి ఆటోనో బస్సో ఎక్కాలి.

హైదరాబాద్ చివర్లో పెట్టుకోమంటాను. ఆదివారం సాయంత్రం అయిందంటే రవీంద్రభారతిలో ఒకటి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒకటి, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఇంకొకటి సభలు జరుగుతుంటాయి, వచ్చేవాళ్లు తలా ఒక చోటికి విడిపోతారు. చిన్న ఊళ్లో అయితే ఆ నెలకి మీదొక్కటే సభ, మనసుపెట్టి వింటారు. నాలుగు ఊళ్లలో చర్చ అయి, రెండు మూడు సమీక్షలు వచ్చాక హైదరాబాద్ వెళ్తే అక్కడా చదివినవాళ్లే వస్తారు.

ప్రశ్న: సభలో వేదిక మీద ఎంతమందిని కూర్చోబెట్టాలండీ? మా ఊళ్లో ఎవర్ని పిలవకపోయినా కోపాలొస్తాయి. (భీమవరం)

జవాబు: ముగ్గురు. రచయిత, పుస్తకం మీద మాట్లాడే ఒకరు, సభ నడిపే ఒకరు. ఎమ్మెల్యేగారినీ, కాలేజీ కరస్పాండెంట్‌గారినీ, సంఘం పెద్దల్నీ మొదటి వరసలో కూర్చోబెట్టి పేరుపేరునా గౌరవించండి, అందులో తప్పేం లేదు, మైకు మాత్రం ఇవ్వకండి. గంటన్నర సభలో అరగంట పుస్తకం మీద మాట, పావుగంట రచయిత చదవడం, మిగతా అంతా వచ్చినవాళ్లకి వదిలేయండి. కోపాలు వస్తే వస్తాయి, రెండోసారి అదే పద్ధతిలో చేస్తే అలవాటు పడతారు. జ్యోతిప్రజ్వలన ఉంటే ఐదు నిమిషాల్లో అయిపోవాలి.

ప్రశ్న: అక్కా, మాది జగిత్యాల దిక్కు, నేను కవిత్వం రాస్త. లైబ్రరీల పుస్తక పరిచయం పెడ్దామంటే సారు ఒప్పుకుంటలేడు. కుర్చీలన్ని గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు ప్రిపేరయ్యే పిలగాండ్లతోనే నిండిపోతున్నయి, మైకు పెడితే వాళ్లు కొట్లాటకొస్తరు అంటడు. గిప్పుడు లైబ్రరీలు కథలు, కవిత్వం కోసం లేనట్టేనా? (జగిత్యాల జిల్లా)

జవాబు: సారు చెప్పింది నిజమే తమ్ముడూ, ఆయన మీద కోపం పెట్టుకోకు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి మండలంలో ఉన్న చిన్న శాఖ దాకా అంతటా అదే పరిస్థితి, పిల్లలు టిఫిన్ బాక్సు తెచ్చుకుని, చెట్టు కింద కూడా చాప వేసుకుని చదువుతున్నారు. ఉద్యోగం కోసం వాళ్లు పడే కష్టం చూస్తే మనం మైకు పెట్టి గోల చెయ్యడం నాకూ న్యాయం అనిపించదు.

అట్లని లైబ్రరీని వదిలేయకు. చిన్న శాఖా గ్రంథాలయాలు మామూలుగా పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 తెరుస్తారు, సెలవు శుక్రవారం. మధ్యాహ్నం మూసి ఉండే టైములో రెండు గంటలు అడుగు, లేదా శుక్రవారం అడుగు, సారు తాళం ఇవ్వడానికి ఒప్పుకుంటే పిల్లలకి ఇబ్బందే ఉండదు. మైకు అక్కర్లేదు, ఇరవై మందికి మైకెందుకు. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఉంటాయి, ఆ వారం ప్రతి లైబ్రరీలోనూ ఏదో ఒక కార్యక్రమం చెయ్యాలి, వ్యాసరచన పోటీలు, ముగ్గుల పోటీలు పెట్టి లాగించేస్తుంటారు చాలామంది, నువ్వు సెప్టెంబర్‌లోనే వెళ్లి ఒక రోజు మాకివ్వండి సార్ అని అడిగితే ఆయనకీ పని తేలికవుతుంది. ఇంకొకటి, అడిగేటప్పుడు బతిమాలినట్టు అడగకు. ఊళ్లో ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్లూ రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కింద కడుతున్నారు, ఆ లైబ్రరీ మనందరిదీ.

అసలు మన లైబ్రరీలు పుట్టిందే ఇట్లాంటి సభల్లోంచి. హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టింది 1901లో, హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం 1904లో. నిజాం రాజ్యంలో తెలుగు బడులు అరుదు, కచేరీలో తెలుగు లేదు, అప్పుడు నలుగురు కూర్చుని తెలుగులో మాట్లాడుకోడానికి దొరికిన చోటు ఆ గదులే. పుస్తకాలు ఇచ్చుకోవడం ఎంతో, ఉపన్యాసాలు పెట్టుకోవడం అంతే. మీ జిల్లాకి దగ్గర్లోనే కరీంనగర్‌లో సాహితీ సోపతి వాళ్లు ఎన్నీల ముచ్చట్లు అని పున్నమి రాత్రుల్లో డాబాల మీద కూర్చుని కవిత్వం చదువుకున్నారు, హాలు కిరాయి లేదు, కరెంటు బిల్లు లేదు. లైబ్రరీ దొరకకపోతే నీకు డాబా ఉంది.

ఆ ప్రిపేరయ్యే పిల్లల్ని కూడా పరాయివాళ్ల కింద చూడకు. కృష్ణా జిల్లాలో ఒక చిన్న శాఖా గ్రంథాలయంలో జరిగిన పరిచయం నాకు బాగా గుర్తు. రచయిత్రి కథలు చదవడం అయ్యాక ఒక టైలర్‌గారు లేచారు, పుస్తకానికి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసుకొచ్చారు, లోపల కొన్ని పేజీల అంచున బట్ట మీద గీసే చాక్‌తో చిన్న చిన్న గుర్తులున్నాయి. ఒక కథలో వదినగారు పెళ్లి ముందు రోజు రాత్రి కూర్చుని తెల్లారేసరికి లైనింగ్ జాకెట్లు తొమ్మిది కుట్టేస్తుంది. అదెట్లా కుదురుతుందమ్మా, హెమ్మింగు, హుక్కులు, కాజాలు ఉంటాయి కదా, మూడు కుడితేనే గొప్ప అన్నారాయన, తప్పు పట్టినట్టు కాదు, ఆ వదిన మీద నిజంగా జాలితో. రచయిత్రి రెండో ముద్రణలో మూడు అని మార్చారు, కథ ఇంకా బాగుంది, ఎందుకంటే మిగతా ఆరు కుట్టలేదన్న మాట పడటం కూడా అందులోకి వచ్చింది. ఇదంతా తలుపు దగ్గర నిలబడి విన్న ఇద్దరు గ్రూప్ 2 అబ్బాయిలు చెరో కాపీ కొన్నారు. ఆ మాట ఏ పెద్ద హాల్లోనూ వచ్చేది కాదు.

ప్రశ్న: రెండేళ్ల క్రితం ఒక షాపుకి 100 కాపీలిచ్చాను. లెక్క అడిగితే ఇంకా అమ్ముడవలేదంటారు, తిరిగిచ్చేయమంటే వెతకాలంటారు. షాపుల్ని నమ్మి టూర్ చెయ్యడం అవసరమా? పుస్తకాల పండగల్లో స్టాల్ తీసుకోవచ్చా? (నెల్లూరు)

జవాబు: అవసరమే, కాకపోతే 100 ఇవ్వకూడదు. కొత్త రచయిత పుస్తకం ఒక షాపుకి పది చాలు. పది అమ్మాక మళ్లీ పది. ఇచ్చేటప్పుడు రెండు ప్రతుల్లో చలానా రాయండి, తేదీ, కాపీలు, రేటు, కమిషన్ ఎంత, ఎన్ని నెలలకి లెక్క చూస్తారు, మిగిలినవి వెనక్కి ఎవరి ఖర్చుతో వస్తాయి, అన్నీ అందులోనే ఉండాలి, ఒక సంతకం ఆయనది ఒకటి మీది. స్నేహం కొద్దీ కాగితం ఎందుకులెండి అంటారు, స్నేహం నిలబడాలనే కాగితం అని చెప్పండి. కమిషన్ మామూలుగా 40 శాతం దాకా అడుగుతారు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. 150 రూపాయల పుస్తకం మీద మీ చేతికొచ్చేది 90, అందులోనే అచ్చు ఖర్చు, రవాణా. రేటు పెట్టేటప్పుడే ఇది చూసుకోవాలి. పుస్తకాల మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆ గొడవ మాత్రం ఉండదు.

అయినా షాపు వాళ్ల మాట కూడా వినాలి కదా. నెలంతా వచ్చే కొత్త పుస్తకాలు ఎన్ని, వాళ్లకున్న అరలు ఎన్ని, ఎవరూ పేరు పెట్టి అడగని పుస్తకం ముందుకి ఎట్లా వస్తుంది? 1953 నుంచి విశాలాంధ్ర, ఆ తర్వాత నవోదయ లాంటి పుస్తకాల షాపులు ఊరూరా తెలుగు పుస్తకానికి ఒక అడ్రస్ ఇచ్చాయి, విశాలాంధ్ర వాళ్లయితే వ్యాన్లలో పల్లెటూళ్లకి కూడా పుస్తకాలు తీసుకెళ్లి అమ్మారు. ఇప్పటికీ ఒక మంచి షాపు కౌంటర్‌లో కూర్చునే మనిషికి ఏ పాఠకుడు ఏం చదువుతాడో నోటికి వచ్చు. ఆ మనిషికి మీ పుస్తకం ఒక కాపీ ఊరికే ఇచ్చి, ముందు మీరు చదవండి అన్నారనుకోండి, ఆయనకి నచ్చిందనుకోండి, ఇక మీరు ఆ ఊరు వెళ్లక్కర్లేదు, ఆయనే చేతిలో పెట్టి అమ్ముతాడు. షాపులో సభ పెట్టాలనుకుంటే ఆదివారం వద్దు, మామూలు రోజు సాయంత్రం ఆరింటికి, పది పదిహేను కుర్చీలు, టీ. వచ్చినవాళ్లు మీదొకటి కొంటే పక్కనున్నది ఇంకొకటి కొంటారు, అందుకే షాపువాళ్లు కాదనరు.

పుస్తకాల పండగల సంగతి కూడా అడిగారు మీరు. డిసెంబర్‌లో హైదరాబాద్, కొత్త సంవత్సరం మొదట్లో విజయవాడ, ఈ రెండూ వరసగా వస్తాయి కాబట్టి ఒకే ఊపులో చూసుకోవచ్చు. స్టాల్ మీ ఒక్కరి పుస్తకానికి తీసుకోకండి, అద్దె కూడా రాదు. నలుగురైదుగురు రచయితలు కలిసి తీసుకోండి, లేదా ఏదైనా పబ్లిషర్ స్టాల్లో ఓ సాయంత్రం కూర్చుంటానని మాట్లాడుకోండి. అక్కడ వేదిక మీద సభ దొరికినా సంతోషమే గానీ పక్కనుంచి అనౌన్స్‌మెంట్లు, మిరపకాయ బజ్జీల వాసనలు, జనం రాకపోకలు, దాన్లో లోతైన చర్చ జరగదు, స్టాల్ ముందు నిలబడి ఒక్కొక్కరితో మాట్లాడటమే అక్కడి పద్ధతి.

పాత బాకీ సంగతి: ఒక ఉత్తరం రాయండి, ఫలానా తేదీన వచ్చి మిగిలినవి తీసుకెళ్తాను అని. వెళ్లండి. ఎన్ని దొరికితే అన్ని తెచ్చుకుని చలానా మీద రాయించుకుని రండి.

ప్రశ్న: మేడం, ఈ బుక్ టూర్లు అన్నీ ఫారిన్ వాళ్ల దగ్గర్నుంచి వచ్చినవే కదా? మన కవులు ఎప్పుడైనా ఇలా తిరిగారా? (ఎం.ఎ. తెలుగు విద్యార్థి, అనంతపురం)

జవాబు: తిరగకుండా ఎట్లా ఉంటారు నాయనా! అవధానం చేస్తూ ఊళ్లూ సంస్థానాలూ చుట్టబెట్టిన తిరుపతి వేంకట కవులు ఉన్నారు కదా. గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి ఇట్లా ఎక్కడ పండితుల్ని ఆదరించే కొలువు ఉంటే అక్కడికి ప్రయాణం కట్టారు, దారిలో బస చేసిన ఊళ్లలోనూ సభలే. మీసాలు పెంచింది కూడా సంస్కృతం, తెలుగు రెండు భాషల్లోనూ మేమే కవులమని చెప్పడానికే అని పద్యంలోనే చెప్పుకున్నారు, కాదనేవాళ్లు రండి గెలిచి చూపించండి అని. ఆ సవాళ్లూ వివాదాలూ చదువుతుంటే ఇప్పటి సభలు ఎంత చప్పగా ఉన్నాయో అనిపిస్తుంది నాకు. వాళ్లని అడిగే పృచ్ఛకులు ముందే తయారై వచ్చేవాళ్లు, కవిని ఇరికించే సమస్య ఇచ్చేవాళ్లు. వినేవాళ్లు కూడా చదువుకుని రావాలన్నది మనకి కొత్త సంగతేం కాదు.

తర్వాత సంస్థానాల జాగాలోకి గ్రంథాలయాలు వచ్చాయి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి చొరవతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది, 1929లో దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. 1930ల్లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువల మీద పడవలో లైబ్రరీ నడిపారు, రేవు రేవుకీ పడవ ఆగేది, జనం గట్టు మీదకొచ్చి పుస్తకాలు తీసుకునేవాళ్లు. నువ్వు అనంతపురంలో ఉన్నావు కాబట్టి వీలైతే కడప వెళ్లి బ్రౌన్ గ్రంథాలయం చూడు, బ్రౌన్ దొర పండితుల్ని పెట్టుకుని తెలుగు కావ్యాలకి ప్రతులు సిద్ధం చేయించిన బంగళా స్థలంలోనే అది కట్టారు. ఎం.ఎ. వాళ్లకి అక్కడ తాళపత్రాలు చూడటమే ఒక పాఠం.

ప్రశ్న: మా అమ్మ వయసు 68, నవల రాసింది. వేసవిలో మా దగ్గరికి డాలస్ వస్తోంది, ఆర్నెల్లు ఉంటుంది. అమెరికాలో కూడా సభలు పెట్టించాలని మా కోరిక. పుస్తకాలు ఎన్ని తెమ్మనాలి? (డాలస్)

జవాబు: చాలా సంతోషం అమ్మా. మీ ఊళ్లోనే టాంటెక్స్ అనే తెలుగు సంఘం వాళ్లు నెలనెలా తెలుగు వెన్నెల అని ఏళ్ల తరబడి సాహిత్య సమావేశం నడుపుతున్నారు, ముందు అందులో ఒక నెల అడగండి. డెట్రాయిట్‌లో తెలుగు లిటరరీ క్లబ్ 1998 నుంచి ఉంది, వాళ్ల పద్ధతి నాకు చాలా ఇష్టం, ఒక పుస్తకం అందరూ చదివి వచ్చి కూర్చుని మాట్లాడుకుంటారు. హ్యూస్టన్ వైపు వంగూరి ఫౌండేషన్ వాళ్లున్నారు. తానా, ఆటా లాంటి పెద్ద తెలుగు సంఘాల మహాసభల్లో సాహిత్య వేదికలుంటాయి, కానీ అక్కడ పది నిమిషాలు దొరకడమే కష్టం, పక్క హాల్లో సినిమా వాళ్లుంటే జనం అటే పోతారు, అమ్మగారిని ఆ హడావుడిలో తిప్పకండి. ఎవరింట్లోనో ఆదివారం మధ్యాహ్నం పదిహేను మంది, పులిహోర, రెండు గంటలు, అదే ఆవిడకి గుర్తుండిపోతుంది.

పుస్తకాలు సూట్‌కేసులో ఎక్కువ పెట్టించకండి. 200 పేజీల పుస్తకం పావుకిలో పైనే ఉంటుంది, 23 కిలోల పెట్టెలో ఆవకాయ, పచ్చళ్లు, చీరలు పోను ఇరవై పడితే గొప్ప. ముందు చదవాల్సిన వాళ్లకి ఈబుక్ పంపండి, లేదా ఇండియా వచ్చి వెళ్లేవాళ్లతో నాలుగు నాలుగు తెప్పించుకోండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు అక్కడ అమ్మి డబ్బు తీసుకునే విషయంలో రూల్స్ గట్టిగా ఉంటాయి, ఆ జోలికి పోకుండా పుస్తకాలు ఊరికే ఇచ్చేయడం, కావాల్సినవాళ్లు ఇండియాలో షాపు నుంచి తెప్పించుకోవడం మంచిది. ఇంకో మాట, ఆవిడ వయసు దృష్టిలో పెట్టుకుని ఒక్కో ఊరికీ మధ్య కనీసం పది రోజులు ఖాళీ ఉంచండి.

ప్రశ్న: నాకు నలుగురిలో మాట్లాడాలంటే వణుకు. రాయడం వచ్చు, మాట్లాడటం రాదు. నాలాంటివాళ్లు టూర్ చెయ్యాలా? (పాలకొల్లు)

జవాబు: ఉపన్యాసం ఇవ్వమని ఎవరన్నారండీ. మీ పుస్తకంలోంచి మూడు పేజీలు చదవండి చాలు. ఏ మూడు పేజీలో ఇంట్లో గట్టిగా చదివి చూసుకుని ఎంచుకోండి, వర్ణన ఉన్న పేజీలు కాదు, ఇద్దరు మాట్లాడుకునే చోటు తీసుకోండి, విన్నవాళ్లకి వెంటనే పట్టుబడుతుంది. కథ చివర మాత్రం చదవకండి. తర్వాత ఎదురుగా ఒకరు కూర్చుని మిమ్మల్ని అడిగేలా ఏర్పాటు చేసుకోండి, ఆ మనిషి మీ పుస్తకం రెండుసార్లు చదివిన స్నేహితులైతే బాగుంటుంది. జవాబు రాకపోతే కాసేపు ఊరుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. మాటకారి రచయితలు ఎక్కువగా మాట్లాడి పాఠకులకి చోటు లేకుండా చేసిన సభలు బోలెడు ఉన్నాయి, తక్కువ మాట్లాడేవాళ్ల సభల్లో జనం నోరు విప్పుతారు. మొదటిది పదిమంది కంటే ఎక్కువ లేని చోట పెట్టుకోండి, నిలబడకుండా కూర్చునే మాట్లాడండి.

ప్రశ్న: ఆదోనిలో మేము ఓ పదిమందిమి పుస్తకాలు చదువుతాం. మా ఊరికి ఏ రచయితా రారు, మీరు చెప్పే ఊళ్లన్నీ పెద్దవే. మేం పిలిస్తే వస్తారా? డబ్బులు ఎంతివ్వాలి? (ఆదోని)

జవాబు: వస్తారు, కచ్చితంగా వస్తారు. పిలిచేవాళ్లు లేక చాలామంది రావట్లేదు అంతే. మీరు పదిమంది ఒకే పుస్తకం ఎంచుకోండి, తలా ఒకటి కొనండి, అంటే రచయితకి పది కాపీలు ముందే అమ్ముడైనట్టు. నెల రోజులు చదువుకోండి. తర్వాత రచయితకి ఉత్తరమో మెసేజో రాయండి, మేం పదిమందిమి మీ పుస్తకం చదివాం, మాకు ఫలానా చోట సందేహం ఉంది, ఒక ఆదివారం వస్తారా అని. తెలుగులో ఇట్లాంటి ఉత్తరం అందుకున్న రచయిత రాకుండా ఉండటం నేను చూళ్లేదు. రానుపోను చార్జీలు, రాత్రి ఉండటానికి ఒక మంచి గది, లేదా ఒకరింట్లో విడిది, ఇవి మీరు పెట్టుకోవాలి, సన్మానం, మెమెంటో, ఫ్లెక్సీ వద్దు, ఆ డబ్బుతో ఇంకో ఐదు కాపీలు కొని మీ ఊరి లైబ్రరీకీ హైస్కూల్‌కీ ఇవ్వండి. మీది ముంబై-చెన్నై రైలు లైన్, రావడం కష్టం కాదు. పైగా రచయిత అంత దూరం వచ్చాక ఒక్క ఊరితో పంపకుండా ఎమ్మిగనూరు, కర్నూలు వాళ్లతో మాట్లాడి మర్నాడు అక్కడ పెట్టించగలిగితే వచ్చినవాళ్లకీ ప్రయాణం కలిసొస్తుంది, ఖర్చు మూడు ఊళ్లూ పంచుకోవచ్చు.

మీరు చదువుతున్న పుస్తకం పేరు, మీకు వీలైన ఆదివారాలు నాకు రాసి పంపండి, రచయిత అడ్రస్ దొరక్కపోతే పబ్లిషర్‌ని అడిగి నేను కలుపుతాను. ఇట్లాంటి గుంపులు ఇంకే ఊళ్లో ఉన్నా రాయండి, వచ్చే నెల ఆ ఊళ్ల పేర్లు ఇక్కడే వేస్తాను.